సూర్యుడు లేని వేళ వేడెక్కే ఆర్కిటిక్

తెల్లని మంచు కరిగితే నల్లని సముద్రం ఎండను పీల్చుకుంటుందని, అందువల్లే ఆర్కిటిక్ వేడెక్కుతోందని అంటారు కదా, మరి అక్కడ ఉష్ణోగ్రత ఎక్కువగా పెరుగుతున్నది ఎండ సన్నగిల్లే శరత్తులోనూ, సూర్యుడే కనిపించని శీతకాలంలోనూ ఎందుకని ఒక పాఠకురాలు అడిగారు. పాఠ్యపుస్తకాల్లోని తెలుపు నలుపుల బొమ్మ ఈ చక్కని ప్రశ్నకు సగం జవాబే ఇస్తుంది.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కింది. కారణాలు చాలా ఉన్నాయి కానీ, నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది సముద్రం వేడిని దాచి, ఆలస్యంగా తిరిగి ఇచ్చే తీరు.

తాజా హిమం కప్పిన మంచుపలక తనపై పడిన ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. మంచు లేని సముద్రం 90 శాతానికి పైగా తనలోనే ఉంచుకుంటుంది. అయినా వేసవిలో అక్కడి గాలి పెద్దగా వేడెక్కదు. 0 డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో మంచును కరిగించే వేడితో ఒక కిలో నీటిని 0 నుంచి సుమారు 80 డిగ్రీల దాకా కాచవచ్చు. మంచు మిగిలి ఉన్నంతకాలం వచ్చిన వేడి ఈ గుప్తోష్ణానికే, అంటే ఉష్ణోగ్రత పెంచకుండా మంచును కరిగించడానికే, ఖర్చవుతుంది, మంచు పోయిన చోట సముద్రపు పైపొరలో నిల్వ అవుతుంది.

సముద్రపు నీరు గడ్డకట్టేది సుమారు −1.8 డిగ్రీల వద్ద. దాచుకున్న వేడిని గాలికి వదిలితే తప్ప పైనీరు అంతవరకు చల్లబడదు, గడ్డకట్టేటప్పుడు గుప్తోష్ణాన్ని కూడా తిరిగి విడుదల చేస్తుంది. ఆలస్యంగా ఏర్పడిన మంచు పలుచగా ఉంటుంది; పైన గాలి, కింద నీరు అంతే చల్లగా ఉన్నా, 3 మీటర్ల పలక కంటే 1 మీటరు పలక గుండా సుమారు 3 రెట్లు వేడి పైకి పారుతుంది. ధ్రువరాత్రిలో ఉపరితలాన్ని అంటిపెట్టుకున్న బరువైన చల్లగాలి పైగాలితో సులువుగా కలవదు కనుక, ఆ వేడి ఎత్తుకు చెదిరిపోకుండా కింది పలుచని పొరలోనే పోగవుతుంది.

మంచు లేని నీరు వేడితో పాటు తేమను కూడా వదులుతుంది. 2013 నవంబరులో పశ్చిమ సైబీరియాలోని యమల్ ద్వీపకల్పంలో హిమంపై వాన కురిసి, ఆపై చలికి గట్టి పెంకులా బిగిసింది. బారెంట్స్, కారా సముద్రాల్లో మంచు తగ్గడానికీ ఆ వానకూ సంబంధం ఉందని శాస్త్రవేత్తలు చూపారు. పెంకు కింది మేతను గిట్టలతో తవ్వుకోలేక సుమారు 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చనిపోయాయి, మందలు పోయిన నెనెత్స్ అనే స్థానిక తెగ కాపరులలో కొందరు చేపలు పట్టి బతకవలసి వచ్చింది.