దీపం పట్టుకుని చెప్పే మాట వెనక కథ

కర్నూల్లో ఒక నర్సింగ్ కాలేజీలో ల్యాంప్ లైటింగ్ చూశాను. బీఎస్సీ మొదటేడు పిల్లలు తెల్ల యూనిఫాం వేసుకుని, ఒకరి దీపంతో ఒకరు దీపం వెలిగించుకుని, ఇంగ్లీషులో ప్రతిజ్ఞ చెప్పారు. నా పక్క కుర్చీలో ఆలూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన, కూతురి కోసం మెడ సాచి చూస్తూ, "ఏం సెప్పిస్తా ఉండారు సామీ పిల్లోల్ల చేత?" అని అడిగాడు. రోగికి హాని చెయ్యం, వాళ్ల గుట్టు బయటపెట్టం, డాక్టరు పనికి విశ్వాసంగా సాయపడతాం అంటున్నారని చెప్పాను. "డాక్టరుకా? జబ్బు మనిషికి గదా సెయ్యాల్సింది" అన్నాడాయన. అదీ ఉందిలెండి, చివర్లో వస్తుంది అన్నాను గానీ, ఆయన అడిగింది చిన్న ప్రశ్నేమీ కాదు.

ఆ ప్రతిజ్ఞ, ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరుతో ఉంది కాబట్టి ఆమే రాసిందనుకుంటారు చాలామంది. ఆమె రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, ఒక నర్సుల శిక్షణ బడి కోసం లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో తయారైంది. డాక్టర్లు చెప్పే హిప్పోక్రటిస్ ప్రమాణాన్ని నర్సులకు తగ్గట్టు మలిచారు. డాక్టరుకు విశ్వాసంగా ఉండటమనే మాట ఆ రోజుల్లో ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. నైటింగేల్ వరస కాస్త వేరు. క్రిమియా యుద్ధం రోజుల్లో ప్రజలు పోగుచేయడం మొదలుపెట్టిన నిధితో ఆమె 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో బడి పెట్టించింది. నర్సు డాక్టరు కింద కాదు, నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ కింద ఉండాలన్నది ఆమె పట్టుదల. ఆ నమూనాను తర్వాత చాలా ఆసుపత్రులు ఎత్తుకున్నాయి గానీ, వాటికి ముఖ్యంగా నచ్చిన సంగతి ఇంకొకటి: చదువుకునే పిల్లలు చవగ్గా దొరికే పనివాళ్లు.

మన దగ్గరికి ఈ చదువు మద్రాసు మీదుగా వచ్చింది. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన దత్తమండలాలు మనవి. 1953 దాకా మద్రాసు కిందే ఉన్నాం. అక్కడి జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ 19వ శతాబ్దంలోనే మొదలైంది. నర్సుల పేర్లు రిజిస్టరులో ఎక్కించే చట్టం 1926లో వచ్చింది. ఇంకోవైపు మిషన్ ఆసుపత్రులు. కడప జిల్లా జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రి ఆ తరానికి గుర్తు. జనం నోట ఇప్పటికీ నిలిచిన "సిస్టర్" అనే పిలుపులో సన్యాసినుల వాసనా ఉంది, బ్రిటిష్ వార్డు హోదా వాసనా ఉంది. సేవ, త్యాగం, క్రమశిక్షణ అనే మాటలు నర్సింగ్ చదువుకు ఈ రెండు దారుల్లోనే అంటుకున్నాయి. తెల్లబట్ట నలగకూడదు, పెద్దలు వస్తే లేచి నిలబడాలి, ఎదురు చెప్పకూడదు. మంచీ చెడూ కలిసే వచ్చాయి.

1946లో, దేశంలో ఆరోగ్య సేవల తీరు చూడమని ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ లెక్క తీసింది. దేశంలో 43 వేల మందికి ఒక నర్సు! డాక్టర్లే నయం, ఆరు వేల మూడు వందల మందికి ఒకరైనా ఉన్నారు. అదే ఏడు ఢిల్లీలో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. జబ్బు ముదిరితే మనవాళ్లు బండి కట్టుకుని పోయే రాయవేలూరే అది. అలా నర్సు చదువు మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కింది. పేరుకు డిగ్రీ, లోపల మాత్రం పెద్ద మార్పు: ఆ పిల్ల వార్డు పనికి దొరికిన చెయ్యి కాదు, విద్యార్థిని. ఎందుకు చేస్తున్నామో తెలుసుకుని చెయ్యాలి, ఇచ్చే మందు మోతాదు తప్పనిపిస్తే ఆగి అడగాలి. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చాక దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక అన్న ఆలోచనకు కాళ్లొచ్చాయి.

సీమకు ఇదంతా ఆలస్యంగానే అందింది, ఎప్పటిలాగే. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే కాకుండా పోయింది. మిగిలిన కొద్ది వాటిలో 1957లో వచ్చిన మెడికల్ కాలేజీ ఒకటి. అనంతపురం మెడికల్ కాలేజీకి 2000 దాకా, కడప రిమ్స్‌కు 2006 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా అనంతపురం పల్లెల్లో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ పనిచేస్తూ వచ్చింది. బత్తలపల్లి ఆసుపత్రితో పాటు నర్సింగ్ చదువూ తెచ్చింది. సీమలో ఈ డిగ్రీ ఒక్క సేవాభావంతోనే పెరగలేదు. వాన నమ్ముకోలేని ఇంట్లో ఇంటరు బైపీసీ అయిన పిల్లకు ఇది నెల జీతం దారి, అందుబాటులో ఉన్న గౌరవమైన ఉద్యోగం. కాలేజీ గోడల బోర్డుల మీద ఈ ముక్క ఎవరూ రాయరు.

ఆ బోర్డుల సంగతే చెప్పుకోవాలి. ఏ కాలేజీకి పోయినా గోడకు విజన్, మిషన్, కోర్ వాల్యూస్ అని ఒక ఫ్లెక్సీ ఉంటుంది. కరుణ, నిజాయితీ, శ్రేష్ఠత. ఊరు మారినా మాటలు మారవు. అసలైన మాటలు కౌన్సిల్ పాఠ్యప్రణాళిక మొదటి పేజీల్లోనే ఉన్నాయి: ఆరోగ్యం అందరి హక్కు అని. 2006లో కౌన్సిల్ తెచ్చిన నీతి నియమావళిలో రోగి గౌరవం, గోప్యత, తన చికిత్స మీద అతనికున్న నిర్ణయాధికారం ముందుకొచ్చాయి. 2021లో పాఠ్యప్రణాళికను సెమిస్టర్లలోకి మార్చినప్పుడు పది సామర్థ్యాలు పెట్టారు. రోగి కేంద్రంగా సంరక్షణ మొదటిది. మాట కలపడం, భద్రత, జట్టుపని, ఆధారాలతో పనిచేయడం ఆ వెనక. డాక్టరుకు విశ్వాసం అన్నది ఆ పదిలో లేదు. దాని చోట జట్టుపని వచ్చింది. 1893 నుంచి ఇక్కడికి రావడానికి 128 ఏళ్లు పట్టింది. దీపాల రోజున మాత్రం పాత ప్రతిజ్ఞే చదివిస్తున్నారు.

2023లో 1947 చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. రాష్ట్రంలో 1986లో పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కు మారింది. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్ల సర్టిఫికెట్ల మీద రెండు పేర్లు ఉండొచ్చు.

పేర్లు మార్చినంత సులువుగా వార్డు మారదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని కౌన్సిల్ ప్రమాణం. కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లావాళ్లే కాదు, గద్వాల వైపు నుంచి, రాయచూరు, బళ్లారి నుంచి కూడా జనం వస్తారు. ఇక్కడ డ్యూటీ పడ్డ పిల్లకు పది సామర్థ్యాల్లో మొదట అక్కరకొచ్చేది భాష. ఒకసారి ఆడవాళ్ల వార్డులో రాయచూరు దిక్కు ముసలమ్మ కడుపు పట్టుకుని ముడుచుకుంది. ఎవరేమడిగినా తల అడ్డంగా ఊపుతోంది. ఆదోని వైపు అమ్మాయి, మూడో ఏడు, మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని "ఎల్లి నోవు అజ్జీ?" అంది. ముసలమ్మ కళ్లు తెరిచి ఆ పిల్ల చెయ్యి తీసి కుడి పక్కన, పక్కటెముకల కింద పెట్టుకుంది. ఆ పిల్ల పోయి డాక్టరుకు చెప్పింది. తర్వాత రికార్డు పుస్తకం తెరిచి బీపీ, నాడి, టెంపరేచర్ రాసుకుని, ఎక్కడ నొప్పి అని కన్నడంలో అడిగానని రాయడానికి గడి ఏదీ లేక, పుస్తకం మూసి పక్క మంచానికి పోయింది.