మరపుకు కారణం కాలమేనా?

పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు వేళ్లు పాతదాన్నే కొడతాయి. కొత్తది బాగా అలవాటయ్యాక, ఏ కారణంచేతో పాతది కావలసివస్తే ఎంత ఆలోచించినా తట్టదు. మొదటిసారి పాత జ్ఞాపకం కొత్తదానికి అడ్డొచ్చింది, రెండోసారి కొత్తది పాతదాన్ని కప్పేసింది. మనస్తత్వ శాస్త్రంలో ఈ అడ్డుపడటాన్ని ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. పాతది అడ్డొస్తే ప్రోయాక్టివ్, కొత్తది అడ్డొస్తే రెట్రోయాక్టివ్.

రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకాలు వాటంతటవే చెరిగిపోతాయని చాలామంది నమ్మకం. 1932లో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ మెక్‌గియో దీన్ని గట్టిగా కాదన్నాడు. ఇనుము కూడా రోజులు గడిస్తే తుప్పు పడుతుంది, కానీ తుప్పు పట్టించేది కాలం కాదు, ఆ కాలంలో జరిగే రసాయన చర్య. మరపు విషయంలోనూ అసలు పని చేసేదేమిటో వెతకాలన్నది ఆయన వాదన.

ఆ వెతుకులాటలో నాకు అన్నిటికన్నా నచ్చేది బెంటన్ అండర్‌వుడ్ 1957లో చేసిన పని. అంతకుముందు 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఒక్కరోజులోనే పోతుందని లెక్కగట్టాడు. ఇంత వేగంగా ఎందుకు పోతుంది? అండర్‌వుడ్ అప్పటికే అచ్చయిన అనేక ప్రయోగాల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూశాడు. అంతకుముందు అలాంటి జాబితాలు ఎన్నో నేర్చుకున్నవాళ్లు ఒక్కరోజులో సుమారు 75 శాతం మరిచిపోయారు. మొదటిసారి, ఒకే జాబితా నేర్చుకున్నవాళ్లు మరిచింది సుమారు 25 శాతమే. ఇద్దరికీ గడిచింది ఒక్కరోజే. ఎబింగ్‌హాస్ బుర్రలో అప్పటికే వందల జాబితాలున్నాయి. తన మీదే అన్ని ప్రయోగాలు చేసుకున్న ఆయన ఓపికే ఆయన లెక్కను అంత నిరాశగా మార్చిందన్నమాట!

మరి అన్నిసార్లు బట్టీపట్టి బుర్ర అలిసిపోయిందని ఎందుకు అనుకోకూడదు? డెలోస్ వికెన్స్ బృందం 1963లో చేసిన ప్రయోగం ఈ సందేహాన్ని తీరుస్తుంది. మూడు అక్షరాలు చూపిస్తారు. వాటిని మనసులో వల్లెవేసుకోకుండా కాసేపు వేరే పని చేయిస్తారు. తర్వాత ఆ అక్షరాలేమిటో చెప్పమంటారు. మొదటిసారి దాదాపు అందరూ చెప్పేస్తారు. రెండోసారి తడబాటు, మూడోసారి ఇంకా ఎక్కువ. ఇప్పుడు అక్షరాలకు బదులు అంకెలు చూపిస్తే? మళ్లీ చకచకా చెప్పేస్తారు. అలసటే కారణమైతే అంకెలూ గుర్తుండకూడదు కదా! చిక్కు వచ్చింది పోలిక వల్లనే.

ఇంటర్‌ఫియరెన్స్ ఒక్కటే మరపును పూర్తిగా వివరిస్తుందని మాత్రం అనలేం. చదివిన వెంటనే నిద్రపోతే బాగా గుర్తుంటుందని 1924లోనే తేలింది. కొత్త విషయాలేవీ వచ్చి అడ్డుపడవు కాబట్టే అలా జరుగుతుందని అప్పట్లో చెప్పారు. నిద్ర జ్ఞాపకాలను గట్టిపరుస్తుంది కూడా అని ఇప్పుడు తెలుసు.

ఒకేలాంటి అనుభవాలను వేర్వేరుగా నమోదు చేసే పనిలో మెదడులోని హిప్పోకాంపస్‌ది ముఖ్యపాత్ర. వయసు పెరిగేకొద్దీ ఈ సామర్థ్యం తగ్గుతుంది. మాత్ర వేసుకున్నట్టు స్పష్టంగా గుర్తుంటుంది, అది ఇవాళా నిన్ననా అన్నదే తేలదు. పెద్దవాళ్లను ఇందుకు కసురుకోవడం అన్యాయం. వారాల పేర్లు రాసిన మాత్రల డబ్బా ఒకటి కొనిస్తే, ఇవాళ్టి గడి ఖాళీగా ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.