హార్డ్ డిస్క్‌లో రెస్క్యూ సిస్టం: నా షాపులో వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర చిన్న సర్వీస్ షాపు నడుపుతా, పార్ట్స్ కావాలంటే ఎస్పీ రోడ్ పోతా. వచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే, అనంతపురం, కర్నూలు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పీజీల్లో ఉండే పిల్లలు. అడిగినోళ్ళకి హార్డ్ డిస్క్‌లోనే ఒక పక్కన రెస్క్యూ సిస్టం పెట్టి ఇస్తా, అంటే మామూలు ఓఎస్ లేవకపోయినా బూట్ మెనూలో ఇంకో లైన్ నొక్కితే లేచే చిన్న లినక్స్. దీని గురించి జనంలో తప్పుడు మాటలు చాలా తిరుగుతున్నాయి, వాటివల్ల డేటా పోగొట్టుకున్నోళ్ళని చూశాను కాబట్టి రాస్తున్నా.

అపోహ: "విండోస్‌లో రికవరీ ఉంది కదన్నా, ఇంకోటి ఎందుకు?"

అది ఉంది, పనికొస్తుంది కూడా, స్టార్టప్ రిపేర్, రీసెట్, ఒక కమాండ్ ప్రాంప్ట్ ఇస్తుంది. కానీ అది విండోస్‌ని బాగుచేయడానికి కట్టింది, చచ్చిపోతున్న డిస్క్ నుంచి ఫైల్స్ లాగడానికి కాదు, బ్యాడ్ సెక్టర్లు దాటుకుంటూ కాపీ చేసే టూల్ అందులో లేదు. సిస్టం రెస్క్యూ అనే లినక్స్ లాంటి దాంట్లో డీడీరెస్క్యూ (చెడుతున్న డిస్క్‌ని కాపీ చేసేది), టెస్ట్‌డిస్క్ (పోయిన పార్టిషన్లు వెతికేది), ఫోటోరెక్ (చెరిగిన ఫైల్స్ తీసేది), స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూసే టూల్ అన్నీ ముందే ఉంటాయి.

అపోహ: "ఐఎస్ఓ ఫైల్‌ని ఒక పార్టిషన్‌లో పడేసి గ్రబ్‌లో దాని పేరు రాస్తే చాలు."

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. ఐఎస్ఓ అంటే ఒక బూట్ సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసింది, గ్రబ్ అంటే లినక్స్‌లో బూట్ మెనూ చూపించే ప్రోగ్రాం. గ్రబ్‌కి లూప్‌బ్యాక్ అని ఒక కమాండ్ ఉంది, ఐఎస్ఓ ఫైల్‌ని విప్పకుండానే దాని లోపల ఉన్న కెర్నెల్‌ని (ఓఎస్ గుండెకాయని) చదివి లేపుతుంది, అంతవరకే గ్రబ్ పని. కెర్నెల్ లేచాక గ్రబ్ ఉండదు, అది తెరిచిన లూప్ కూడా ఉండదు, ఇప్పుడు కెర్నెల్‌తో వచ్చిన చిన్న స్టార్టప్ సిస్టం తన మిగతా ఫైల్స్ ఏ డిస్క్‌లో ఏ ఐఎస్ఓలో ఉన్నాయో మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోవాలి. ఆ అడ్రస్ మనమే కెర్నెల్ లైన్‌లో రాసివ్వాలి, అది కూడా ఒక్కో డిస్ట్రోకి (లినక్స్ రకానికి) ఒక్కో మాట: ఉబుంటుకి ఐఎస్ఓ స్కాన్ ఫైల్‌నేమ్, డెబియన్ లైవ్‌కి ఫైండ్ ఐఎస్ఓ, సిస్టం రెస్క్యూ ఆర్చ్ అనే డిస్ట్రో మీద కట్టింది కాబట్టి దానికి ఇమేజ్ డివైస్, ఇమేజ్ లూప్ అని రెండు ఇవ్వాలి. ఒకదాని లైన్ తెచ్చి ఇంకోదానికి పెడితే మెనూ వస్తుంది, లోగో వస్తుంది, తర్వాత "మీడియా దొరకలేదు" అని ఆగిపోతుంది, అప్పుడు ఐఎస్ఓ పాడైందేమో అనుకుని మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తూ కూర్చుంటారు పాపం.

ఇంకోటి, డిస్క్ పేరు ఎస్‌డీఏ1, ఎస్‌డీబీ2 అని రాయొద్దు, యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే మారని గుర్తింపు నంబరు) రాయండి. ఈరోజు ఎస్‌డీఏ అయింది రేపు ఒక యూఎస్‌బీ డిస్క్ పెట్టగానే ఎస్‌డీబీ అవ్వొచ్చు, రెస్క్యూ కావాల్సిన రోజే కదా మనం బయటి డిస్క్ తగిలించేది. డెబియన్ వాడేవాళ్ళకి ఇదంతా చేతితో రాసే పని తగ్గించే ప్యాకేజీ ఉంది, జీఆర్ఎంఎల్ రెస్క్యూబూట్ అని, ఐఎస్ఓని బూట్ కింద జీఆర్ఎంఎల్ ఫోల్డర్‌లో పెట్టి గ్రబ్ అప్‌డేట్ చేస్తే మెనూలో లైన్ అదే వచ్చేస్తుంది.

విండోస్ ఒక్కటే ఉన్న మెషీన్‌లో గ్రబ్ ఉండదు కాబట్టి నేను ఒక 4 జీబీ పార్టిషన్‌ని ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో చేసి ఐఎస్ఓ లోపలి ఫైల్స్ అందులోకి కాపీ చేస్తా. కొన్ని డిస్ట్రోలు పార్టిషన్ లేబుల్ (దానికి పెట్టిన పేరు) చూసి తమ ఫైల్స్ వెతుక్కుంటాయి, లేబుల్ ఒక్క అక్షరం తేడా వచ్చినా లేవవు, పైగా ఫ్యాట్32లో లేబుల్ 11 అక్షరాలు దాటదు, అది కూడా చూసుకోవాలి.

అపోహ: "లోపలే రెస్క్యూ ఉంది, ఇంక పెన్ డ్రైవ్ అక్కర్లేదు."

తప్పు. అదే డిస్క్‌లో పెట్టిన రెస్క్యూ, అప్‌డేట్ మధ్యలో ఆగిపోయిందనో గ్రబ్ ఎంట్రీ చెడిందనో పాస్‌వర్డ్ మర్చిపోయామనో ఇలాంటి సాఫ్ట్‌వేర్ జబ్బులకి. డిస్క్ చచ్చిపోతే దాంతోపాటే అదీ పోతుంది. ఇంకా ముఖ్యమైన మాట, డిస్క్ నీరసంగా ఉందని అనుమానం వస్తే అసలు దాంట్లోంచి బూట్ చేయకండి, ప్రతి రీడ్ దానికి భారమే. స్మార్ట్‌లో 5, 197, 198 నంబర్లు చూడండి, రీలొకేటెడ్, పెండింగ్, అన్‌కరెక్టబుల్ సెక్టర్లు అవి, 197 రోజురోజుకి పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఇంకేం ప్రయోగాలు చేయొద్దు. ఒకాయన టక్ టక్ మని కొట్టుకుంటున్న డిస్క్ మీద చెక్‌డిస్క్ మూడుసార్లు తిప్పి తెచ్చాడు, కూతురి పెళ్ళి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. చెక్‌డిస్క్ చూసేది ఫైల్‌సిస్టం లెక్కలు సరిగా ఉన్నాయా లేదా అని, మన ఫోటోల్ని కాపాడటం దాని పని కాదు. అలాంటప్పుడు పెన్ డ్రైవ్ నుంచి లేపి, డీడీరెస్క్యూతో వేరే డిస్క్‌లోకి మొత్తం ఇమేజ్ తీయాలి, మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు తీసిందో రాసుకునే ఫైల్) తప్పకుండా పెట్టాలి, కరెంటు పోయినా ఆపినా మళ్ళీ అక్కడ్నుంచే మొదలవుతుంది. మొదటి రౌండ్‌లో తేలిగ్గా వచ్చేవి తీసుకుని, మొండివాటి మీద తర్వాత తిరగాలి. ఆయనవి చాలావరకు వచ్చాయి, అన్నీ రాలేదు.

అపోహ: "అదే డిస్క్‌లోంచి లేస్తే ఆ డిస్క్‌లో పార్టిషన్లు మార్చలేం."

కాపీ టు ర్యామ్ అని ఒక ఆప్షన్ ఉంది, బూట్ అయ్యేటప్పుడే సిస్టం మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేసి డిస్క్‌ని వదిలేస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే సిస్టం రెస్క్యూకి సరిపోతుంది.

అపోహ: "రెస్క్యూలో లేపితే ఏ ఫైల్ అయినా తీసేయొచ్చు."

ఇది ఒకప్పటి మాట. ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే చాలావాటిలో ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లో డేటాకి తాళం) దానంతట అదే ఆన్ అవుతోంది, ఓనర్‌కి తెలియను కూడా తెలియదు. 48 అంకెల రికవరీ కీ లేకపోతే రెస్క్యూలో డిస్క్ కనపడుతుంది గానీ లోపల ఏమీ చదవలేం. ఒకబ్బాయి కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయ్యాడు, చదువైపోయాక కాలేజీ వాళ్ళు ఆ మెయిల్ మూసేశారు, కీ అందులోనే ఉండిపోయింది. "అన్నా, ఏదో ఒకటి చెయ్యన్నా" అని గంటసేపు కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు, నేను చేయగలిగింది ఏమీ లేదు, ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. కాబట్టి రెస్క్యూ పెట్టించుకోవడానికి వచ్చినోళ్ళని ముందు అడిగేది కీ రాసుకున్నావా అని. సిస్టం రెస్క్యూకి సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే లేవనిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేయాల్సొస్తుంది, అది మార్చగానే విండోస్ ఆ రికవరీ కీ అడగొచ్చు, కీ కాగితం మీద ఉన్నాకే బయోస్‌లో (మెషీన్ సెట్టింగ్స్‌లో) చెయ్యి పెట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే కావాలంటే ఉబుంటు లైవ్ పెట్టుకోండి, దాని బూట్‌లోడర్‌కి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది.

ఫాస్ట్ స్టార్టప్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. విండోస్‌లో షట్‌డౌన్ కొడితే నిజంగా మొత్తం ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది, అందుకే లినక్స్‌లో ఆ డ్రైవ్ రీడ్ ఓన్లీగా మాత్రమే తెరుచుకుంటుంది. ఫైల్స్ బయటికి కాపీ చేసుకోవడానికి అది చాలు, బలవంతంగా రైట్ మోడ్‌లో తెరవకండి. విండోస్ లేస్తున్నప్పుడైతే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, పూర్తిగా ఆగుతుంది.

అపోహ: "రెస్క్యూలో డిస్క్ కనపడలేదంటే పోయినట్టే."

చాలా ఇంటెల్ లాప్‌టాప్‌ల్లో బయోస్‌లో స్టోరేజ్ రెయిడ్ అనే మోడ్‌లో ఉంటుంది, అందుకే కనపడదు. ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చి ఫైల్స్ తీసుకుని మళ్ళీ వెనక్కి పెట్టేయండి, మర్చిపోతే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది.

అపోహ: "ఒకసారి పెడితే జన్మంతా ఉంటుంది."

2023లో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ (లినక్స్ ఫైల్‌సిస్టం టూల్స్) 1.47 నుంచి కొత్తగా చేసే ఈఎక్స్‌టీ4లో (లినక్స్ ఎక్కువగా వాడే డిస్క్ ఫార్మాట్‌లో) ఆర్ఫన్ ఫైల్ అని ఒక ఫీచర్ మామూలుగానే ఆన్ అయి వస్తుంది. పాత రెస్క్యూలో ఉన్న ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టం చెక్ చేసే టూల్) ఆ డిస్క్‌ని చూసి "ఫీచర్ సీ12 నాకు తెలియదు" అని ఆగిపోతుంది, డిస్క్ బాగానే ఉంటుంది, టూల్ పాతది అంతే. అందుకే నేను ఆరు నెలలకోసారి ఐఎస్ఓ మార్చి, ఒకసారి నిజంగా దాంట్లోకి బూట్ చేసి, వైఫై పట్టిందా, బయటి డిస్క్ తెరుచుకుందా, ఒక ఫైల్ కాపీ అయిందా చూసి ఇస్తా, దీనికి పావుగంట పడుతుంది, డబ్బులు తీసుకోను.