మానసిక రోగాల జాబితా నిజమని తేల్చేదెలా?

1960ల్లో న్యూయార్క్, లండన్ మానసిక ఆసుపత్రుల రికార్డులు చూసినవాళ్లకు ఒక వింత కనిపించింది. లేని గొంతులు వినిపించడం, భ్రమలు కలగడం వంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియా కేసులు న్యూయార్క్‌లో చాలా ఎక్కువ. రెండు దేశాల పరిశోధకులు కలిసి, కొత్తగా చేరిన రోగులను రెండు చోట్లా ఒకే పద్ధతిలో పరీక్షించారు. తేడా చాలావరకు మాయమైంది. అది రోగుల్లో లేదు, రోగానికి పేరు పెట్టే డాక్టర్ల అలవాటులో ఉంది. 1972లో ఈ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి.

1973లో మానసిక వైద్యం పరువు ఇంకా పోయింది. మతి బాగానే ఉన్న ఎనిమిది మంది, గొంతులు వినిపిస్తున్నాయని అబద్ధం చెప్పి ఆసుపత్రుల్లో చేరగలిగారని అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ రోజెన్‌హాన్ ప్రకటించాడు. (ఆ ప్రయోగం వివరాలపైనే తర్వాత గట్టి అనుమానాలు వచ్చాయి, అది వేరే కథ.) అదే డిసెంబరులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ సంపర్కాన్ని రోగాల జాబితా నుంచి తీసేసింది. మరుసటి ఏడాది సభ్యుల ఓటింగులో 58 శాతం దాన్ని సమర్థించారు. నిర్ణయం సరైనదే. కానీ ఓటు వేసి తేల్చుకోవాల్సి వస్తే అసలు అది రోగమని మొదట ఎవరు, దేన్నిబట్టి అన్నట్టు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే దారి 1970లోనే ఉంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన మానసిక వైద్యులు ఎలీ రాబిన్స్, శామ్యూల్ గూజ్, ఒక రోగం నిజంగా విడి రోగమేనా అని తేల్చడానికి ఐదు పరీక్షలు చెప్పారు: లక్షణాల వర్ణన, ల్యాబ్ ఆధారాలు, ఇతర రోగాల నుంచి స్పష్టమైన హద్దు, ఏళ్ల తరబడి రోగి ఏమవుతాడో చూడటం, కుటుంబ చరిత్ర.

1980లో మానసిక వైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో వచ్చిన డీఎస్ఎం-3 (అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగాల జాబితా పుస్తకం మూడో కూర్పు) మాత్రం ముందు తేలికైన పని పట్టుకుంది. ఎన్ని లక్షణాలుంటే ఏ పేరు పెట్టాలో లెక్క కట్టి ఇచ్చింది. డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం పెరుగుతుందని ఆశ. అయితే అందరూ ఒకే మాట చెప్పినంత మాత్రాన ఆ మాట నిజమైపోదు. పైగా ఆ ఏకాభిప్రాయమైనా నిలవలేదు. 2013లో వెలువడిన డీఎస్ఎం-5 క్షేత్ర పరీక్షల్లో, ఒకే రోగిని వేర్వేరుగా చూసిన ఇద్దరు డాక్టర్ల మధ్య డిప్రెషన్ విషయంలో పొంతన స్కోరు 0.28. పూర్తిగా ఒప్పుకుంటే 1, కాకతాళీయమైతే 0.

అదే ఏడాది అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ అధిపతి థామస్ ఇన్‌సెల్, డీఎస్ఎం బలహీనత ప్రామాణికత (పెట్టిన పేరు వెనక నిజంగా ఒక రోగం ఉండటం) లేకపోవడమేనని బాహాటంగా అన్నాడు. జన్యు పరిశోధనలూ ఇబ్బంది పెట్టాయి. జాబితాలో వేర్వేరు గదుల్లో పెట్టిన స్కిజోఫ్రీనియా, బైపోలార్ (ఉద్వేగం, కుంగుబాటు మారి మారి వచ్చే రోగం)లకు ఉమ్మడి జన్యు మూలాలు చాలా ఉన్నాయని 2009లోనే బయటపడింది. రాబిన్స్, గూజ్ అడిగిన హద్దు అక్కడే చెరిగింది.

గదులు కూల్చే పని కొంత మొదలైంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11, వ్యక్తిత్వ లోపాల పాత రకాల్లో దాదాపు అన్నిటినీ వదిలేసి, తీవ్రత ఎంత ఉందో ముందు చూడమంటోంది.