అద్దాల తొట్టిలోంచి పెన్నా చెరువుల్లోకి

నెల్లూరు జిల్లాలో వల లాగితే బొచ్చె, శీలావతితో పాటు ఒళ్లంతా గట్టి పెంకులున్న నల్లమచ్చల చేప కూడా వస్తోంది. కొందరు దెయ్యం చేప అంటారు, కొందరు రాకాసి చేప అంటారు. అక్వేరియం షాపులో దాని పేరు సక్కర్ ఫిష్. పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు.

బయటి చేపల్ని మన నీళ్లలో వదలడం పాత అలవాటే. దోమ పిల్లల్ని తింటుందని గంబూషియాను 1928లో మన దేశానికి తెచ్చారు. తిండికి పనికొస్తుందని 1952లో తిలాపియాను తెచ్చారు. అది ఎడతెరిపి లేకుండా పిల్లలు పెట్టి నాటు చేపల తిండికి పోటీ వచ్చింది. నాటు చేపల్ని మింగేసే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లో కేంద్రం నిషేధించింది. వీటిని ఏదో ఒక పథకం కోసమో, వ్యాపారం కోసమో పెంచారు. సక్కర్ ఫిష్‌ను మాత్రం చెరువుల్లో పెంచాలని ఎవరూ అనుకోలేదు. తొట్టి గోడల పాచి తింటుందని ఇళ్లలోకి వచ్చింది, అంతే.

కొనేటప్పుడు అది వేలెడంత పిల్ల. అడుగుకు పైనే పెరుగుతుందని, పదేళ్లకు పైగా బతకగలదని చెప్పి అమ్మే షాపు అరుదు. పెరిగాక తొట్టి చాలదు, చంపడానికి చేతులు రావు. దగ్గర్లోని కాలువలో వదిలేస్తారు. వానాకాలంలో మున్సిపాలిటీ వాళ్లు గంబూషియాను, మత్స్యశాఖ వాళ్లు చేపపిల్లల్ని వదలడం చూస్తూ పెరిగాం కాబట్టి, అందులో తప్పుందని ఎవరికీ తోచదు. వాళ్లది జాలే గాని దుర్మార్గం కాదు. చెప్పాల్సిన వాళ్లు చెప్పకపోవడమే అసలు తప్పు.

ఒక చెరువులో వదిలింది ఆ చెరువులోనే ఉండిపోదు. నెల్లూరు దగ్గర పెన్నాపై 1855లోనే ఆనకట్ట కట్టారు, తర్వాత సంగంలో మరొకటి వచ్చింది. 2022లో రెండుచోట్లా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. వాటి నుంచి వెళ్లే కాలువలు డెల్టా చెరువుల్ని ఒకదానితో ఒకటి కలుపుతాయి. పై చెరువు కలుజు పారితే కింది చెరువు నిండుతుంది. పెన్నాపై ఉన్న సోమశిల జలాశయం నీళ్లు కండలేరు జలాశయానికి, అక్కడి నుంచి తమిళనాడులోని పూండి జలాశయానికి వెళ్తాయి. 2021 నవంబరులోలా పెన్నా పొంగితే గట్లే మాయమవుతాయి. పొలాలకు ప్రాణం పోసే ఈ అల్లికే ఈ చేపకు దారి చూపిస్తుంది.

ఎండాకాలం కూడా దీన్ని ఆపలేదు. పైకొచ్చి గాలి మింగి, కడుపుతోనే ఆక్సిజన్ తీసుకుంటుంది. నీళ్ల బయట కూడా గంటల తరబడి బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి గట్లలో మూరెడుకు పైగా లోతైన బొరియలు తవ్వుతుంది. మన చెరువు కట్టలు చాలావరకు మట్టివి కాబట్టి నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇదే. పాచి, అడుగు బురదలోని పురుగులు, కొన్నిసార్లు ఇతర చేపల గుడ్లు కూడా దీని కడుపులోకే పోతాయి. రెక్కల ముళ్లు వలను చీల్చేస్తాయి. చెరువును లీజుకు తీసుకుని, అప్పు చేసి వల కొన్న వాళ్లకు అది మామూలు నష్టం కాదు. ఇంతా చేసి దాన్ని కొనేవాళ్లు లేరు.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్ఏను బట్టి ఈ చేప జాడ కనిపెట్టే పరీక్షను తయారుచేశారు. వాళ్లు పరిశీలించిన తూర్పు కనుమల నీటి వనరుల్లో సుమారు 60 శాతంలో దీని జాడ దొరికింది.

ఇంతగా పాకాక పూర్తిగా ఏరేయడం కష్టం. కొత్తవి చేరకుండా మాత్రం ఆపవచ్చు. వద్దనుకున్న చేపను షాపు వెనక్కి తీసుకోవాలన్న నిబంధన పెట్టాలి. వలలో పడ్డదాన్ని విసుగుతో మళ్లీ నీళ్లలోకి విసిరేయకుండా, పట్టిన బరువును బట్టి మత్స్యకార సంఘాలకు డబ్బు చెల్లించాలి.