ముప్పై దాటాక పైలట్ అవ్వాలంటే: మా ఊళ్లో వినే అపోహలు, అసలు వాస్తవాలు

పండక్కి రాజాం వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కకి పిలిచి "తమ్ముడూ, నాకు ముప్పయ్యారొచ్చాయి, ఇప్పుడు నేర్చుకుంటే అవుద్దేటి?" అని అడుగుతున్నారు. నేను జూట్ మిల్లులో మెయింటెనెన్స్ పని మానేసి ముప్పై నాలుగేళ్లకి మొదలుపెట్టి, ఇప్పుడు ఏటీఆర్ అనే చిన్న ప్రయాణికుల విమానంలో కుడివైపు సీట్లో, అంటే కో-పైలట్‌గా కూర్చుంటున్నవాణ్ని, అందుకని నన్నే అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: వయసైపోయింది, ఇంక తీసుకోరు.
సీపీఎల్‌కి, అంటే జీతానికి విమానం నడిపే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, 18 నిండాలి, పైన హద్దేమీ లేదు. ఇద్దరు పైలట్లు నడిపే ప్రయాణికుల విమానాల్లో 65 దాకా పనిచెయ్యొచ్చు. రాయ్‌బరేలీ వైపున్న ప్రభుత్వ అకాడమీ ఇగ్రువా ప్రవేశాలకి వయసు పరిమితి పెడుతుంది, అది చూసి దారులన్నీ మూసుకుపోయాయనుకుంటారు.

అపోహ: కళ్లద్దాలుంటే కుదరదు.
అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు గుర్తుపట్టలేకపోతే మాత్రం కష్టం. మన వయసులో అసలు భయం షుగరు, బీపీ. మా బ్యాచ్‌లో ఒకాయన ఫీజు సగం కట్టేశాక మెడికల్‌కి వెళ్లి అక్కడ ఆగిపోయాడు. మెడికల్ సర్టిఫికెట్లు రెండు, ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1, రెండూ చేతికొచ్చాకే డబ్బు సంగతి.

అపోహ: యాభై లక్షలుంటే పనైపోతుంది.
ఇక్కడే మునిగిపోతారు. లైసెన్సుకి నలభై నుంచి అరవై లక్షలవుతుందని అందరికీ తెలుసు, ఆ తర్వాత ఏటీఆర్‌కో ఎయిర్‌బస్‌కో టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే శిక్షణ, అర్హత) సొంత డబ్బుతో చేసుకోవాల్సొస్తే ఇంకో పదిహేను, ఇరవై లక్షలుంటుందని చాలామందికి తెలీదు. పెద్ద ఎడ్యుకేషన్ లోనంటే బ్యాంకు తనఖా అడుగుతుంది. మా మామిడి తోట కాగితాలు అలాగే బ్యాంకులోకి వెళ్లాయి, అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. వీటన్నిటి కంటే పెద్ద ఖర్చు ఎవరూ లెక్కలో రాయరు, అది మన పాత జీతం. బ్రోచర్‌లో పద్దెనిమిది నెలలని ఉంది, నాకు రెండేళ్ల ఎనిమిది నెలలు పట్టింది, ఆపైన ఉద్యోగం కోసం పద్నాలుగు నెలలు కూర్చున్నాను. మిల్లులో నా జీతం 38 వేలు. నలభై ఆరు నెలలకి లెక్కేస్తే పదిహేడున్నర లక్షలు! ఇంట్లో ఆవిడ టీచరు కాబట్టి గడిచింది, లేకపోతే మధ్యలోనే తిరిగొచ్చేసేవాణ్ని.

ఇంకో మాట, ఫీజు ఒకేసారి కట్టొద్దు. నేను చేరిన చోట (పేరు అనవసరం) డిస్కౌంట్ ఆశకి పన్నెండు లక్షలు ముందే కట్టాను, రెండు విమానాలు రిపేరుకి వెళ్లి నెలల తరబడి షెడ్డులోనే ఉన్నాయి. ఎగిరిన గంటకి డబ్బు అన్న పద్ధతుంటే అక్కడికెళ్లండి.

అపోహ: లైసెన్సుకి ఎగరాల్సింది 200 గంటలే కదా, రోజుకి మూడు గంటలెగిరితే రెండు మూడు నెలల్లో అయిపోద్ది.
కాగితం మీద అవుద్ది. తెల్లారకముందే లేచి సెస్నా 172 రెక్క కింద చిన్న కప్పు పెట్టి ఇంధనం కాస్త తీసి వెలుతురుకి ఎత్తి చూస్తాం. లేత నీలంగా ఉండాలి, నీళ్లు కలిస్తే అడుగున రంగు లేని ముత్యంలా కూర్చుంటాయి. అంతా బాగుందనుకుని చుట్టూ చూస్తే పొగమంచు, రన్‌వే అవతలి కొస కనబడదు. ఎనిమిది దాకా టీ తాగుతూ కూర్చుని గదికి పోవడమే. ఇలాంటి పొద్దులు నావి ఎన్ని పోయాయో. మళ్లీ ఆ 200లో వంద గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యతంతా మనదే అయి ఉండాలి, రాత్రి పూట ఐదు గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు. అందరికీ అవే విమానాలు, ఆ వంతు రావాలి కదా.

అపోహ: భోగాపురం ఎయిర్‌పోర్టుంది, విమానయాన మంత్రి మన శ్రీకాకుళమోడే, ఉద్యోగం ఇక్కడే ఇచ్చేస్తారు.
నవ్వొస్తుంది గానీ చదువుకున్నోళ్లే అడుగుతున్నారు. పైలట్లని తీసుకునేది విమాన సంస్థలు, బేస్ ఎక్కడేస్తే అక్కడికి పోవాలి. నన్నైతే సామాను సర్దుకుని దక్షిణాది కొసకి పొమ్మన్నారు.

ఇంటర్ బైపీసీ వాళ్లు మ్యాథ్స్, కామర్స్ వాళ్లు ఫిజిక్స్, మ్యాథ్స్ ఓపెన్ స్కూల్లో రాసుకుని వస్తున్నారు, దాని గురించి టెన్షన్ వద్దు.

సిరిమానోత్సవానికి విజయనగరం వస్తున్నా. అడగాలనుకున్నోళ్లు క్లాస్ 2 మెడికల్ కాగితం, మీ ఇంటి నెల ఖర్చు రాసిన పుస్తకం పట్టుకుని రండి, మీ ఇంట్లో ఆవిణ్ణి కూడా తీసుకుని రండి.