పిల్లలు చెబితే ఊరు వింటుందా? అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. తరగతిలో నేర్చుకున్నది ఊళ్లోవాళ్లకు చెప్పే పని మా పిల్లల చేత ఏటా చేయిస్తుంటాం. దీనిమీద స్టాఫ్ రూమ్‌లో తరచూ వినిపించే మాటలివి.

అపోహ: సైన్స్ ఫెయిర్ పెడుతున్నాం కదా, అది చాలు.

వాస్తవం: ఫెయిర్‌కు వచ్చిన అతిథికి థర్మాకోల్ అగ్నిపర్వతంతో పనేముంది? రిబ్బన్ కట్ చేసి, ఫొటో దిగి, "వెరీ గుడ్" అని వెళ్లిపోతారు. 1993 నుంచి జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్ స్థానిక సమస్యల మీదే ప్రాజెక్టులు అడుగుతుంది. మనం మాత్రం వాటిని జడ్జీలకు వినిపించి ఊరుకుంటాం. అసలు ఆ సమస్య ఉన్నవాళ్లు కదా వినాల్సింది!

మా దగ్గర ఆ సమస్య ఫ్లోరైడ్, తాగే నీళ్లలో ఎక్కువైతే పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీటి ప్రభుత్వ పథకం) నల్లా వచ్చినా బోరు నీళ్ల రుచి వదలని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లలు ఆ నీళ్లు సీసాల్లో తెచ్చి కిట్‌తో పరీక్షిస్తారు. రసాయనం చుక్కలు పడ్డాక గులాబీ రంగు ఎంత పసుపులోకి తిరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. ఫలితాలు గ్రామసభలో చెబుతారు. "లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు" అని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి చదువుతుంటే ముందు వరసలోని పెద్దాయన ఆపాడు.

"కాచి తాగితే పోతదా బిడ్డా?"

"పోదు తాతా. నీళ్లే ఆవిరైతయి, ఫ్లోరైడ్ గిన్నెలనే ఉంటది. ఇంకా ఎక్కువైతది."

ఇలాంటి ప్రశ్న ఏ స్లిప్ టెస్టులోనూ రాదు.

అపోహ: తప్పుల్లేకుండా తయారయ్యాకే బయట చెప్పించాలి.

వాస్తవం: అలాగైతే టీచర్ రాసిచ్చింది బట్టీ పట్టించడమే అవుతుంది. నలుగురి ముందు చెప్పాలంటే పిల్లలే తప్పులు వెతుక్కుంటారు. ఊళ్లో పెద్దమనిషి ఇంటి బోరులో రీడింగ్ ఎక్కువ వచ్చినప్పుడు, ఎవరూ అడక్కుండానే మళ్లీ శాంపిల్ తెచ్చి చూశారు. నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో "సరిచూడు" అని రాస్తే ఎవరు కదులుతారు? భాషలో పొరపాట్లుంటే నేను పట్టించుకోను. అంకెలను మాత్రం వదలను. కిట్ చూపేది అంచనానే కాబట్టి, ఎక్కువ వచ్చిన శాంపిళ్లను గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌కు పంపాకే సభలో చెప్పిస్తాను.

అపోహ: ఇది మాటకారి పిల్లల పని.

వాస్తవం: మైకు పట్టేది ఒకరిద్దరే. ఊరి మ్యాపు గీసి బోర్లు గుర్తించేది, అంగన్‌వాడీ గోడకు పోస్టర్ రాసేది ఎక్కువగా నోరు విప్పని పిల్లలే.

అపోహ: సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: ఎఫ్‌ఏలో (ఏడాది పొడవునా బడిలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి. గైడు చూసి రాసే ప్రాజెక్టు బదులు ఇది. పదో తరగతి వాళ్లను మాత్రం సంక్రాంతి తర్వాత కదిలించను, ఆ టెన్షన్ నాకూ తెలుసు.

అపోహ: వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ చేరినట్టే.

వాస్తవం: చప్పట్ల బొమ్మలు వస్తాయి, ఒక్క ప్రశ్న రాదు. పైగా పిల్లల ముఖాలు కనిపించే వీడియోకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. ఫలానా వాళ్ల బోరు అంటూ రీడింగ్ అసలు పెట్టొద్దు, ఊళ్లో తగవులు మొదలవుతాయి. గ్రామసభలో మేం వీధి పేరు వరకే చెప్పిస్తాం. ఎవరింటి ఫలితం వాళ్లకు చీటీ మీద రాసి పిల్లలే ఇచ్చి వస్తారు.